రేవు షెడ్డులో మా అత్త

లాంచీ కనిపించకముందే దాని వాసన వస్తుంది. డీజిలు, ఎండుచేపలు, మేకల ఉచ్చ, నిన్న ఎవరో కక్కుకొని తుడవకుండా వదిలేసింది, అన్నీ కలిసి గోదారి గాలి మీద ముందు వస్తాయి. లాంచీ వెనకాల వస్తుంది. మా లంకలో పుట్టినవాళ్ళకు అది వాసన అని కూడా తెలియదు. నేను ములకలపల్లి దగ్గర అడవి పక్క ఊరి నుంచి కోడలిగా వచ్చినదాన్ని. ఇన్నేళ్ళయినా నాకు అలవాటు కాలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే మా అత్త నవ్వేది. అడవిలో పూలు పరిచిన బస్సులు తిరుగుతాయేమోనని నలుగురిలో ఎగతాళి చేసేది.

లాంచీ సర్కారు కంపెనీది. భద్రాచలానికి ఎగువన గోదారి నడుమ ఉన్న మా లంకకూ, ఇంకా కొన్ని చిన్న లంకలకూ ఒడ్డుతో ఉన్న దారి అదొక్కటే. మా లంకలో ఎత్తు నేల మీద కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల మిరప తోటలు, డాబాలు ఉంటాయి. కొసన, నీళ్ళకు దగ్గరగా, మా గూడెం. లాంచీలోనూ అంతే. గాలి తగిలే ముందు బల్లలు వాళ్ళవి, ఇంజను పొగ కొట్టే వెనక బల్లలు మావి. అట్లా అని ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్నది ఒక్కటే మాట. యాభై దాటాక గూడెంలో సాయంత్రపు బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. ఆ తరవాత నా అంతట నేను కూడబలుక్కొని చదివిన మొదటి బోర్డు లాంచీలోదే. "ఉమ్మరాదు" అని ఉంది. బోర్డు సగం గుట్కా ఎరుపులో మునిగి ఉంటే మరకల మధ్య నుంచి అక్షరాలు ఏరుకొని చదివాను. చదువొస్తే లోకం తెలుస్తుందని మా పంతులమ్మ చెప్పేది. నాకు ముందుగా తెలిసిన లోకం ఇది.

రాయని రూలు ఇంకొకటి ఉంది. లాంచీ ఎక్కే మనిషి ప్రాణంతో ఉండాలి. శవాన్ని ఎక్కించరు.

బయటివాళ్ళకు ఇది చిన్న విషయంలా ఉంటుంది. మాకు కాదు. మా గూడెం వాళ్ళు చనిపోయినవాళ్ళను పూడ్చిపెడతారు. లంకలో పూడిస్తే గోదారి ఊరుకోదు. ఒక ఏడు వరద వచ్చి కొసన ఉన్న గోతులన్నీ తవ్వేసింది. నీళ్ళు తీశాక ఎముకలు పోయి రైతుల మిరప చేలలో తేలాయి. అప్పటి నుంచి లంక మీద ఎవరినీ పూడ్చవద్దని రైతులు అన్నారు, మా పెద్దలూ ఒప్పుకున్నారు. ఒడ్డున, రేవుకు కొంచెం దూరంలో, మాకో స్మశానం ఉంది. పూర్వం నాటు పడవలు ఉండేవి, శవాన్ని వాటిలో పడుకోబెట్టి తీసుకుపోయేవారు. లాంచీ వచ్చాక ఆ పడవలు ప్రమాదమని సర్కారు ఆపించేసింది. పడవలు పోయాయి, రూలు మిగిలింది. ఇక మా వాళ్ళు ఏం చేయాలి?

వాళ్ళు చేసింది చెబితే నమ్మరు. పోయేవాళ్ళను పోకముందే దాటించడం మొదలుపెట్టారు. మంచాన పడ్డ మనిషి అన్నం మానేసి, మాట తగ్గి, అరికాళ్ళు చల్లబడితే గూడెం పెద్దమనిషిని పిలుస్తారు. ఆయన వచ్చి పాదాలు పట్టుకొని చూస్తాడు. దాటించమంటే దాటిస్తారు. ప్రాణం ఉండగానే లాంచీ ఎక్కించి, ఒడ్డున కంపెనీ కట్టిన ప్రయాణికుల షెడ్డులో పడుకోబెట్టి, అక్కడ ఎదురుచూస్తారు. మనిషి లాంచీ ఎక్కిన వెంటనే ఇక్కడ ఇల్లు కడుగుతారు. పడుకున్న మంచాన్ని ఏటిలో వదిలేస్తారు. దాటిన మనిషి తిరిగి రాడు కాబట్టి మంచంతో పనిలేదు.

దీనిలో ఇంకో అలవాటు కలిసింది. ఎగువ లంక ముసలాయన ఒకాయన రేవు మెట్ల మీదే వాంతి చేసుకున్నాడని టికెట్లు కొట్టే ఆయన ఎక్కనివ్వలేదు. ఆ మనిషి అక్కడే మెట్ల మీద పోయాడు. చేపలు పట్టేవాళ్ళ పడవ దొరికేదాకా శవం మెట్ల మీదే ఉంది. ఎండాకాలం. అది చూసిన తరవాత మా గూడెంలో దాటించబోయే మనిషికి ముందు రోజు నుంచే నీళ్ళు ఆపడం మొదలైంది. కడుపులో ఏమీ లేకపోతే బయటికి ఏమీ రాదు. లాంచీ ఖరాబు కాదు. సర్కారు లాంచీ ఖరాబు కాకూడదని మా ముసలివాళ్ళను ఎండగట్టి ఎక్కించేవాళ్ళం. ఆ లాంచీ ఎంత శుభ్రమో మొదటే చెప్పాను.

మా అత్తకు జబ్బు చేసింది వానాకాలంలో. గోదారి ఎర్రగా మారి గట్టు మింగుతోంది. గూడెంలో ఉన్న ఒక్క బోరు నీళ్ళు బురద వాసన వేస్తున్నాయి. అత్తకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆమె చుట్ట తాగే మనిషి, చుట్ట మానేసింది. అది చూసి మా ఆయన భయపడ్డాడు. మరునాటికి మాట మెల్లగా వచ్చింది, కళ్ళు లోపలికి పోయాయి. పెద్దమనిషి వచ్చి చాప మీద కూర్చొని ఆమె పాదాలు రెండూ అరచేతుల్లో పట్టుకున్నాడు.

"చల్లవడ్డయి. దాటించుండ్రి" అన్నాడు.

దవాఖానాకు తీసుకుపోదామా అని మా ఆయన అడిగాడు. అడిగిన తీరులోనే గట్టిదనం లేదు.

"ఏం దవాఖానా? పండిన మనిషి. రేపోమాపో లాంచీ బందయితది. గప్పుడు పానం పోతే ఇంట్ల వెట్టుకొని కూసుంటవా, వారం రోజులు?"

వరద ఎక్కువైతే లాంచీ ఆగిపోతుంది, నిజమే. ఇంట్లో శవం పెట్టుకొని నీళ్ళు తీసేదాకా కూర్చున్న ఇల్లు మా గూడెంలో ఒకటి ఉంది. ఆ ఇంటి వైపు నుంచి వచ్చే గాలి నాకు ఇంకా గుర్తు. ఆ రాత్రి నుంచి అత్తకు నీళ్ళు ఆపారు. ఆమె "నీళ్ళు" అంటే తడి గుడ్డ పెదవులకు అద్దమన్నారు. అద్దాను. ఆమె గుడ్డను పళ్ళతో పట్టుకొని పీల్చింది. లాక్కోవాలంటే చేతకాలేదు, గుడ్డను ఆమె నోట్లోనే వదిలేశాను. ఇంటి చూరు నుంచి రాత్రంతా వాన నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

పొద్దున్నే మంచంతో సహా రేవుకు మోసుకుపోయారు. మంచం లాంచీ ఎక్కదు, కాబట్టి అక్కడ దుప్పట్లో వేసి ఎత్తారు. టికెట్లాయన వంగి ఆమె ముఖం దగ్గర ముక్కు పెట్టి చూశాడు. సంతలో ఎండుచేప కొనేవాడు చూసినట్టు.

"కక్కుతదా?"

"లేదు సారూ. నిన్నటి సంది చుక్క ఇయ్యలే" అన్నాడు మా ఆయన. ఆ మాటలో చిన్న గర్వం కూడా ఉంది.

"మంచి పని చేసిండ్రు."

ఈ మాటలు నేను మరిచిపోలేదు. ఒకడు కన్నతల్లి గొంతు ఎండబెట్టానని చెప్పడం, ఇంకొకడు మెచ్చుకోవడం, ఇద్దరి కాళ్ళ కింద మేకలు వేసిన పెంటికలు. వెనక బల్ల మీద అత్తను పడుకోబెట్టి తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ముందు బల్లల మీద ఒక రైతు అబ్బాయి పులిహోర పొట్లం తిని, ఆకు మడిచి మా కాళ్ళ దగ్గరికి విసిరాడు. మా ఆయన మమ్మల్ని ఒడ్డున దించి, గేదెలు నీళ్ళలో పోతాయని అదే లాంచీలో వెనక్కు వెళ్ళిపోయాడు. ఆ తరవాత లాంచీ ఆపేశారు. మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందని మైకులో చెప్పారు.

ఇక ఆ షెడ్డు. బయట గోడ మీద ప్రయాణికుల విశ్రాంతి మందిరం అని రాసి ఉంది. లోపల గోడలు నడుము ఎత్తు వరకూ ఎర్రగా ఉన్నాయి. ఒకప్పుడు వేసిన రంగు అనుకునేరు, అంతా ఉమ్మే. పైన ఇనుప దూలాల మీద పావురాలు. వాటి రెట్టలు బల్లల మీద పొరలు పొరలుగా గట్టిపడి ఉన్నాయి. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం, తాళంచెవి టికెట్లాయన దగ్గర, ఆఫీసర్లు వస్తే తీస్తాడట. మిగతా అందరూ గోడ వెనక్కు పోతారు. వాన పడితే గోడ వెనకది అంతా గడప దాటి లోపలికి వస్తుంది. మేము పోయేసరికి ఒక మూల ఎండుచేపల గంపలు తడిసి పురుగులు పట్టి ఉన్నాయి, ఇంకో మూల కుక్క ఈనింది. మిగిలిన రెండు మూలల్లో ఒకదాంట్లో మా అత్తను పడుకోబెట్టాం. ఆ మూలకు పేరు ఉంది. "గూడెపోళ్ళ మూల" అంటారు. ఇన్నేళ్ళుగా మా వాళ్ళందరూ అక్కడే పోయారు. గచ్చు ఆ చోట నున్నగా ఉంటుంది.

మా మరిది అప్పటికే వచ్చి ఉన్నాడు. బోనకల్‌లో స్టేషను దగ్గర టీ కొట్టు నడుపుతాడు. అన్న ఫోన్ చేసి చెప్పగానే పాడెకు రెండు వెదురు బొంగులు, కొత్త గుడ్డ, కొత్త కుండ కొని ఆటోలో వేసుకొని వచ్చాడు. అమ్మను చూడగానే పెద్దగా ఏడుపు అందుకున్నాడు. అత్త కళ్ళు తెరిచి చూసింది. అతను ఆపేశాడు. "ఇంకా ఉందా వదినా?" అని నన్ను అడిగాడు. ఉందన్నాను. అతను పోయి బొంగుల పక్కన కూర్చొని ఫోన్ చూసుకున్నాడు. కొట్టు మూసేసి వచ్చాడు పాపం, ఎన్నాళ్ళని కూర్చుంటాడు.

ఆ సాయంత్రానికి గోదారి పక్క ఊళ్ళలోకి ఎక్కింది. లోతట్టు జనాన్ని కూడా అదే షెడ్డుకు తెచ్చారు. కోళ్ళు, మేకలు, చంటిపిల్లలు, తడి బట్టలు. వాసన ఎంత చిక్కబడిందంటే నోట్లో రుచిలా తెలిసేది. అందరూ ఎక్కడ జాగా దొరికితే అక్కడ పడుకున్నారు కానీ మా మూలకు మాత్రం ఎవరూ రాలేదు. బొంగులు చూసి పక్కకు జరిగేవారు. వరద బాధితులకని సర్కారు మనుషులు పులిహోర పొట్లాలు పంచారు. మా దాకా వచ్చినతను ఒకటి నాకిచ్చి, ఒకటి మరిదికి ఇచ్చి, అత్త వైపు చూసి మూడోది సంచిలో వేసుకున్నాడు.

మరుసటి రోజు ఒక ఏఎన్ఎం వచ్చింది. చిన్న పిల్ల, మోకాళ్ళ దాకా బురద. వరసగా అందరినీ చూసుకుంటూ మా మూలకు కూడా వచ్చింది. మా మరిది అడ్డం లేచి, ఈమెకు అక్కర్లేదని చెప్పాడు. ఆ అమ్మాయి వినలేదు. అత్త చేతి మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగి వదిలింది. చర్మం అట్లాగే నిలబడిపోయింది, వెనక్కు పోలేదు.

"నీళ్ళు ఎప్పుడు తాగిచ్చిన్రు ఈమెకు?"

ఆ అమ్మాయి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. ఆ చూపు నాకు తెలుసు. లాంచీ ఎక్కేటప్పుడు నేను లాంచీ వైపు చూసే చూపు అది.

"అన్ని లంకలల్ల గిదే. బోర్లల్ల వరద నీళ్ళు కలిసినయి. వాంతులు, మోషన్లు. అందరు తాగుతున్నరు, లేస్తున్నరు. మీరు తాగియ్యకుండ చంపుతున్నరా?" అంది. ఆమె గొంతు పెంచలేదు. ఓఆర్ఎస్ పొట్లాలు నా చేతిలో పెట్టి, కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి చెంచా చెంచా పట్టమని, సాయంత్రం మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది.

పక్కవాళ్ళ పొయ్యి మీద నీళ్ళు కాచాను. కలపడానికి గిన్నె కావాలి. ఆ షెడ్డులో ఉన్న ప్రతి గిన్నెకూ ఏదో ఒకటి అంటుకొని ఉంది. శుభ్రంగా ఉన్నది ఒక్కటే, మా మరిది తెచ్చిన కొత్త కుండ.

"గా కుండలనా వదినా?" అన్నాడు.

"ఇంకో కుండ కొనుక్కొస్తవా మరి?"

స్మశానం దాకా పోయి పగలాల్సిన కుండలో మా అత్తకు నీళ్ళు కలిపాను. మొదటి చెంచాలు పక్కకు కారిపోయాయి. తరవాత మింగింది. కాసేపటికి కక్కింది, నా చీర మీద. మళ్ళీ పోశాను. సాయంత్రానికి చెంచా ఆలస్యమైతే చేయి పట్టుకొని లాగింది. ఆ అమ్మాయి వచ్చి ఒక సెలైన్ సీసా ఎక్కించి, దూలానికి తాడు కట్టి వేలాడదీసింది. పావురాలు రెట్ట వేస్తాయని నేను సీసా మీద కొంగు కప్పి నిలబడ్డాను.

మర్నాడు మధ్యాహ్నం అత్త తల తిప్పి పక్కకు చూసింది. చాలాసేపు చూసింది.

"గా బొంగులు ఎవరికే?" అంది.

మా మరిది బయటికి లేచిపోయాడు. నేను ఏదో చెప్పబోయాను. ఆమె వినకుండా, బొంగులను ఇంకోసారి చూసి, "నాకు గంత పొడుగు ఎందుకు? ఆడు ఎప్పుడు ఇంతే, కొలత చూసుకోడు" అంది. ఆ తరవాత చుట్ట ఉందా అని అడిగింది.

కాళ్ళు వెచ్చబడ్డాయి, కూర్చుంది. కూర్చున్నాక ఆమెకు షెడ్డు కనిపించింది. అంతకుముందు పడుకొని పైకప్పు చూస్తూ ఉంది కదా. గోడలు, గచ్చు, కుక్క, గంపలు చూసింది. తన మూలనూ, ఆ నున్నటి గచ్చునూ చేత్తో తడిమి చూసింది. ఆమె మొగుణ్ణి, అంటే మా మామను, ఆమె అక్కడే పడుకోబెట్టింది. వాళ్ళ అక్కను కూడా. ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి, కొంగుకు తుడుచుకుంది. "గిసుంటి తాన పెట్టినమా అందర్ని" అంది. అంతే అంది. ఆ రోజు నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే నవ్వలేదు, తనూ పెట్టుకుంది.

ఇక ఇంటికి పోవాలని పట్టుబట్టింది. వరద తగ్గి లాంచీ మళ్ళీ తిరగడం మొదలైన రోజు నేను ఆమెను నడిపించుకుంటూ రేవుకు తీసుకుపోయాను. టికెట్లాయన ఆమెను చూసి రెండు అడుగులు వెనక్కు వేశాడు. ఆ తరవాత తేరుకొని, రోగులను ఎక్కించుకోవాలంటే డాక్టరు కాగితం ఉండాలన్నాడు. మొన్న తెచ్చినప్పుడు ఏ కాగితమూ అడగలేదు కదా అన్నాను. అప్పుడు వేరు, ఇప్పుడు వేరు అన్నాడు. మా అత్త నా భుజం మీద చేయి వేసి నిలబడి ఉంది.

"పొయ్యేటోళ్ళకైతే కాయితం అక్కర్లే. బతికినోళ్ళకు కావాల్నా సారూ?"

అతను ఆమె అక్కడ లేనట్టే, కాగితం తెమ్మని నాకు చెప్పాడు. రెండో రోజు ఆ ఏఎన్ఎం రాసిచ్చిన కాగితం తీసుకుపోయాం. ఆ రోజు కాగితం సంగతి ఎత్తలేదు. జనం ఒప్పుకోవడం లేదన్నాడు. అది నిజమే. ముందు బల్లల రైతులు, ఆ మనిషి ఎక్కితే మేము దిగుతామన్నారు. వాళ్ళ సంగతి వదిలేయండి. వెనక బల్లల మీద ఉన్న మా గూడెం ఆడవాళ్ళు, నాతో మిరపకాయలు ఏరిన ఆడవాళ్ళు, తలలు పక్కకు తిప్పుకున్నారు. ఒకామె పిల్లను ఒళ్ళోకి లాక్కొని కళ్ళు మూసింది. దాటిన మనిషి తిరిగి వస్తే ఒంటరిగా రాదట, వెంట ఇంకో చావును తెస్తుందట. ఆ సాయంత్రం పెద్దమనిషి ఫోన్ చేయించాడు. ఇల్లు కడిగామనీ, మంచం ఏటిలో వదిలామనీ, గూడెం మంచి కోరి ఆమెను కొన్నాళ్ళు బోనకల్‌లో ఉంచమనీ మా ఆయనతో చెప్పించాడు. కొన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళో మాకు తెలుసు. మా ఆయన ఫోన్‌లో ఏడ్చాడు. ఏడవడం తప్ప ఏం చేశాడని నాకు ఒళ్ళు మండింది.

మా మరిది మంచి మనసుతోనే రమ్మన్నాడు. కొట్టు వెనక గది ఉంది, ఫ్యాను ఉంది అన్నాడు. అత్త చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుంది.

"నా ఇల్లు ఆడుంటే నీ కొట్టెనక నేనెందుకు వడుంట? నా ఇంటికి నన్ను తోలియ్యనీకె మీకందరికి ఇంత కష్టమైతే, నేనే పోత" అంది.

మూడో పొద్దున లేచేసరికి ఆమె పక్కన లేదు. రెండు బొంగుల్లో ఒకటి కూడా లేదు. రేవుకు పరుగెత్తాను. లాంచీ వచ్చి ఆగి ఉంది. ఒడ్డు నుంచి లాంచీకి వేసే చెక్క మీద మా అత్త అడ్డంగా పడుకొని ఉంది. బొంగు పక్కన పెట్టుకుంది. లంక నుంచి వచ్చినవాళ్ళు దిగలేక లాంచీలో నిలబడ్డారు. ఒడ్డున ఉన్నవాళ్ళు ఎక్కలేక మెట్ల మీద నిలబడ్డారు. పడుకున్న మనిషిని దాటి అడుగు వేయడానికి మా వైపు ఎవరూ ఒప్పుకోరు. మామూలు మనిషినే దాటరు. ఈమెను ఎవరు దాటుతారు? తాకి పక్కకు లాగడానికి కూడా ఎవరికీ చేయి రాలేదు. బతికిన మనిషని నమ్మితే లాగేవారే.

టికెట్లాయన అరిచి అరిచి అలిసిపోయాడు. కేసు పెడతానన్నాడు. అత్త ఆకాశం చూస్తూ పడుకుంది. పాల క్యాన్లవాళ్ళు పాలు విరిగిపోతాయని గోల పెట్టారు. పని మీద భద్రాచలం పోవలసిన రైతు ఒకాయన లాంచీలోంచి, ముసలిదాన్ని ఎక్కించుకుంటారో ఏం చేస్తారో జల్దీ తేల్చమని టికెట్లాయన మీదే విరుచుకుపడ్డాడు.

చివరికి అతనికి విసుగొచ్చింది. "ఎక్కి సావు" అన్నాడు.

మా అత్త మెల్లగా లేచి కూర్చొని బొంగు అందుకుంది. "సావను గాని, ఎక్కుత" అంది.

ఆమె వెనక బల్లలకు పోలేదు. ఎక్కగానే ఎదురున్న ముందు బల్ల మీద కూర్చుంది. అంత దూరం నడిచే ఓపిక లేక కూర్చుందో, కావాలని కూర్చుందో నేను అడగలేదు. పక్కన నేను కూర్చున్నాను. ఆ వైపు ఉన్నవాళ్ళందరూ లేచి రెండో వైపుకు పోయారు. రైతులూ, మా వాళ్ళూ, మేకలవాళ్ళూ అందరూ ఒకే వైపు ఇరుక్కొని నిలబడ్డారు. అంతమంది అట్లా భుజాలు రాసుకొని నిలబడటం ఆ లాంచీలో నేను మొదటిసారి చూశాను. ముందు బల్లలు, వెనక బల్లలు అన్న మాటే లేకుండా పోయింది. ఒక ముసలామె అంటే అసహ్యం వాళ్ళందరినీ కలిపింది.

లాంచీ నడి ఏట్లోకి రాగానే ఒక పక్కకు ఒరిగింది. వరద నీళ్ళు ఇంకా ఉరవడిగానే ఉన్నాయి. లాంచీ అడుగున పేరుకున్న నల్లటి నీళ్ళు చెక్కల సందులోంచి ఎగజిమ్మి, ఒరిగిన వైపు నిలబడ్డవాళ్ళ కాళ్ళ మీదికి వచ్చాయి. డీజిలూ, చేపల కుళ్ళూ కలిసిన నీళ్ళు. ఒకామె అక్కడే వాంతి చేసుకుంది. పైనుంచి లాంచీ నడిపే సరంగు తల బయట పెట్టి అరిచాడు. సగం మంది ఇవతలికి రండి, లేకపోతే అందరం మునుగుతాం అన్నాడు. ఎవరూ కదల్లేదు. లాంచీ ఇంకొంచెం ఒరిగింది. అప్పుడు కదిలారు. ఒక్కొక్కరే వచ్చి మా బల్ల కొసన, ఆ తరవాత ఇంకొంచెం దగ్గరగా, చివరికి జాగా చాలక మా అత్తకు ఆనుకొని కూర్చున్నారు. పక్కన కూర్చున్న రైతు చేతిరుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు.

మా అత్త అతన్ని చూసింది. "నిన్ననే తానం చేసిన బిడ్డా" అంది.

అతను రుమాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఆమెకు దాహం వేసింది. సీసా ఇచ్చాను. లాంచీ మొత్తం చూస్తుండగా తాగింది, గటగటా, గొంతు పైకీ కిందికీ కదులుతూ. టికెట్లాయన నిలబడి చూస్తున్నాడు. కక్కుతుందేమోనని చూస్తున్నాడు. ఆమె మూతి తుడుచుకొని సీసా నా చేతికి ఇచ్చింది. కక్కలేదు.

లంక రేవులో మా ఆయన నిలబడి ఉన్నాడు. దిగిన తల్లిని పట్టుకోవాలో వద్దో తెలియక చేతులు నలుపుకుంటున్నాడు. అత్త అతన్ని పట్టించుకోకుండా మెట్టు ఎక్కి, ఆయాసం తీర్చుకోవడానికి వెనక్కు తిరిగి ఆగింది. నేనూ తిరిగాను. టికెట్లాయన లాంచీలో మేము కూర్చున్న బల్ల దగ్గర ఉన్నాడు. ఎక్కడి నుంచి తీశాడో ఒక బకెట్టు, ఒక ఫినాయిలు సీసా. బల్ల మీద ఫినాయిలు పోసి చీపురుతో రుద్దుతున్నాడు. ఇన్నేళ్ళలో ఆ లాంచీని ఎవరైనా కడగడం నేను చూడలేదు. మేకలు పోసినప్పుడు కడగలేదు, తాగుబోతులు కక్కినప్పుడు కడగలేదు, చంటిపిల్లలు పాడు చేసినప్పుడు కడగలేదు. ఇప్పుడే నాలుగు అడుగుల అవతల ఒకామె చేసుకున్న వాంతి అట్లాగే ఉంది, దాని మీద నుంచి కాలు వేసి పోయి మరీ మా బల్ల కడుగుతున్నాడు.

మా అత్త బొంగు మీద ఆనుకొని కాసేపు చూసింది.

"అటు మూలకు గూడ రుద్దు సారూ. ఆడ మస్తుగున్నది" అంది.

గూడెంలోకి నడిచాం. తలుపులు ఒకటొకటిగా మూసుకున్నాయి. పెద్దమనిషి తన అరుగు మీద కూర్చొని ఉండి, మమ్మల్ని చూసి లోపలికి లేచి పోయాడు. ఆయనను అత్త ఏమీ అనలేదు, ఆయన పాదాలకేసి మాత్రం చూసింది. మా ఇల్లు పేడతో అలికి, ముగ్గు వేసి, ఎన్నడూ లేనంత శుభ్రంగా ఉంది. మంచం ఉండే చోట దాని కోళ్ళు దిగిన నాలుగు గుంటలు మాత్రం ఉన్నాయి. అత్త ఆ గుంటల మధ్యలో నేల మీద కూర్చుంది. కొడుకు వైపు చెయ్యి చాపింది.

"నీళ్ళు" అంది.

మా ఆయన చెంబుతో తెచ్చాడు. తాగి, చెంబు మళ్ళీ చాపింది. అతను మళ్ళీ ముంచుకొచ్చాడు. మూడోసారి చాపినప్పుడు అతను చెంబు అంచుదాకా నింపి తెచ్చాడు, నీళ్ళు ఆమె చీర మీద, అలికిన నేల మీద ఒలికాయి. ఎవరం తుడవలేదు.